బావ పీల్చిన ఊపిరి

ఈ రోజంతా మా బావ మీద కుళ్లుతోనే గడిచింది. ఇద్దరికీ ఆయాసమే. ఆయన గోదావరిఖనిలో గని ఆఫీసు గుమస్తా, నేను గని లోపల బొగ్గు నింపేవాణ్ని. పోయిన వారం దవాఖానలో కొత్తగా వచ్చిన పీల్చే మందు ఇద్దరికీ ఇచ్చారు. ఊపిరితిత్తుల నుంచి ఎంత మందు రక్తంలోకి చేరిందో చూడ్డానికి రక్తం తీసుకున్నారు. ఇవాళ డాక్టరు ఫలితం చెప్పాడు. బావకు మందు బాగా పట్టిందట. నా రక్తంలో దాని జాడే లేదట!

"ఏదీ, మల్ల పీల్చు" అంటూ డాక్టరు నా నోటి దగ్గర మందు డబ్బా నొక్కాడు. అది బుస్సుమనగానే పీల్చకుండా ఊపిరి బిగబట్టాను.

"గట్ల ఆపితే మందు నోట్లనే ఉంటది. ఎందుకు ఆపినవ్?"

"గనిల బొగ్గు పగలగొట్టే తూటా పేలినంక పొగ వస్తది సార్. బిగబట్టుడే అలవాటైంది."

"పీల్చుడు గూడ రాదా బామ్మర్ది?" అని బావ నవ్వి, ఛాతీ నిండా గాలి పీల్చి చూపించాడు.

ఆఫీసులో ఆయన కుర్చీని చూసి, ఫ్యాను గాలిని చూసి ఎన్నడూ కుళ్లుకోలేదు. భయం లేకుండా పీల్చిన ఆ ఒక్క ఊపిరికి మాత్రం ఇంకా మండుతోంది. మీకైతే మండదా, చెప్పండి?