కొలిమితిత్తి దమ్ము

మా బావమరిది బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. అందరూ వాణ్ణి కొలిమితిత్తి అంటారు. వాడు ఒక్క స్వరం పట్టుకున్నాడంటే, నేను వీధి చివరికి వెళ్ళి గడ్డం గీయించుకుని వచ్చేదాకా వదిలేవాడు కాదు. కొంచెం పెంచి చెబుతున్నాను లెండి. గీయించుకున్నది సగం గడ్డమే.

అసలు కిటుకు బుగ్గల్లో ఉంది. అక్కడ నిలవ చేసిన గాలిని బయటికి నెడుతూనే ముక్కుతో దొంగచాటుగా పీలుస్తాడు. స్వరం తెగదు.

మొదటిసారి ఆ మహమ్మారి వాడికి జలుబులా వచ్చి పోయింది. దాంతో ధీమా పెరిగింది. భార్య టీకాకు బయలుదేరుతూ రమ్మంటే కదల్లేదు.

"వచ్చిపోయిన దానికి మళ్ళీ సూదెందుకే? నా ఊపిరి సంగతి నీకు తెలీదా?"

"తెలుసు. మెట్లెక్కడానికి తప్ప అన్నిటికీ సరిపోతుంది," అని ఆమె ఒక్కతే వెళ్ళి వేయించుకుంది.

కొన్నాళ్ళకు వైరస్ రూపం మార్చుకుని వచ్చింది. ఇద్దరికీ ఒకేసారి అంటుకుంది. ఆమె దగ్గి, మూలిగి, లేచి తిరిగింది. వాడికి జ్వరం దిగలేదు. భార్య ఆసుపత్రికి పదమంటే, చూడ్డానికి వెళ్ళిన నా ముందే మంచం మీద క్లారినెట్ అందుకుని ఇల్లు అదిరేలా ఊదాడు.

"ఊపిరితిత్తులు చెడితే ఈ మోత వస్తుందా బావా?"

"నిజమే కదా చెల్లెమ్మా," అన్నాను.

"ఆ మోత బుగ్గలది అన్నయ్యా. పెదాలు చూడండి."

నీలంగా ఉన్నాయి. ఆటో పిలిచాం.

"వైరస్ మారింది. పాత జబ్బు ఇచ్చిన రక్షణ సరిపోలేదు," అంది డాక్టరమ్మ. "టీకా వేయించుకున్నా జబ్బు రావచ్చు. కానీ ఇంతగా ముదిరే ప్రమాదం చాలా తగ్గుతుంది."

"ఈయన మళ్ళీ క్లారినెట్ వాయిస్తారా?" అని భార్య అడిగింది.

"ఇప్పుడే చెప్పలేనమ్మా."

ఆక్సిజన్ గొట్టం తీశాక, నర్సు ఊపిరితిత్తుల కసరత్తుకని బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి, దాని గొట్టం వాడి నోటికి అందించింది. వాడు అలవాటుగా బుగ్గలు ఉబ్బించాడు.

"ఊదకూడదండీ. లోపలికి పీల్చాలి. బంతి పైకి లేవాలి."

పీల్చాడు. బంతి కదిలింది గానీ లేవలేదు. ఈ పనికి బుగ్గలు అక్కరకు రావు. వాడు నా వైపు చూశాడు. ఎన్నో కోతలు కోసిన నేను, ఆ పూట మాత్రం బంతి లేవలేదనే చెప్పాను.

"మళ్ళీ పీల్చండి," అంది భార్య.

"నీకు జాలి లేదే," అన్నాడు రొప్పుతూ.

"లేదు. పీల్చండి."