బాత్‌రూమ్ చిన్నాయన వాటాకు పోయింది

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో ఇద్దరు అన్నదమ్ములున్నారు, పంచుకోవాల్సిన రాజ్యం ఉంది, అడవి దాటిపోయే ప్రయాణం ఉంది, పగిలిన కనుబొమ్మ ఉంది, ఊడిన పన్ను ఉంది, నున్నటి నేల మీద ఎర్రటి నెత్తురు ఉంది. విన్నవాళ్లు మూడు తరాల పాటు చెప్పుకుంటారు.

అని మొదలుపెట్టాలని చాలా కోరికగా ఉండింది. కానీ రాజ్యమంటే మార్కాపురంలో రంగుల డబ్బాలు, పైపులు అమ్ముకునే ఒక రేకుల షెడ్డు. యుద్ధం జరిగింది హైదరాబాదు బయట, ఒక థీమ్ పార్కుకు ఎదురుగా ఉన్న హోటల్లో, మూడో అంతస్తులో, బాత్‌రూమ్ తలుపు కాడ. నెత్తురు మాత్రం నిజం. అందులో కొంత నాది.

మా నాయన, మా చిన్నాయన ఒకే గల్లాపెట్టె ముందు పెరిగి, అక్కడే ముసలివాళ్లవుతా ఉన్నారు. ప్రభుత్వం జిల్లాలను ముక్కలు చేసిన రోజుల్లో మా దుకాణానికీ ఆ గాలి సోకింది. జిల్లా పంపకంలో మమ్మల్ని ప్రకాశంలోనే ఉంచినారు. దుకాణంలో మాత్రం ఎవరూ ఎవరితోనూ ఉండలేకపోయినారు. చిన్నాయన అన్నను అడక్కుండా రంగులు కలిపే కొత్త మిషన్ తెప్పించినాడు. నాయన ఆ మిషన్ మూత ఊడబీకి దాంతోనే తమ్ముడి కనుబొమ్మ పగలగొట్టినాడు. గ్యారంటీ కార్డు ఇంకా కవర్లోనే ఉంది.

చిన్నాయన కంట్లోకి నెత్తురు కారతా ఉంటే చేత్తో తడుముకుంటా పైపుల స్టాండు కాడికి పోయినాడు. మా ఇంట్లో కొట్టుకునేదానికి ఆయుధాలు బయటినుంచి తెచ్చుకోవాల్సిన పని లేదు. అన్నీ సైజుల వారీగా ఉంటాయి. ఆయన ముప్పావు అంగుళం ఇనుప పైపు తీసి నాయన చేతి మీద వేసినాడు. రెండు వేళ్లు విరిగిన చప్పుడు నాకు వినపడింది. అంత కోపంలో కూడా అంగుళం పైపు తీయలేదు చూడు, ఎంతైనా తమ్ముడు గదా అని నాకు కళ్లలో నీళ్లు తిరిగినాయి. తర్వాత చూస్తే అంగుళం పైపు స్టాకు లేదు.

పెద్దమనుషులు కూర్చున్నారు. మా పక్క పంపకాలకు ఒక పద్ధతి ఉంది. పెద్దోడు భాగాలు వేయాల, చిన్నోడు ముందు కోరుకోవాల. అప్పుడు పెద్దోడు ఒక పక్క మంచిదంతా పెట్టి మోసం చేద్దామనుకున్నా చిన్నోడు దాన్నే ఎత్తుకుంటాడు. పలకలు, బలపాలు చేసే ఊరు కాబట్టి మా వాళ్ల జేబుల్లో పెన్ను లేకపోయినా బలపం ఉంటుంది. నాయన కట్టు కట్టిన చేత్తోనే బలపం తీసి షెడ్డు నడిమధ్యన నేల మీద గీత గీసినాడు. చిన్నాయన కుడిపక్క కోరుకున్నాడు. గీత సరిగ్గా నా కుర్చీ కిందినుంచి పోయింది. కుర్చీ కాళ్లు అటు రెండు, ఇటు రెండు. ఆ గీత మీద గోడ లేపేదానికి ఇటుకలు దిగినాయి. సోమవారం వస్తానని మేస్త్రీ మాట ఇచ్చినాడు.

ఆ రోజు నాయన నన్ను పిలిచి చెప్పినాడు. "గోడ లేచినాక వాళ్ల గడప తొక్కినావంటే నువ్వు కూడా ఆ పక్కోడివే. నా కాడికి రావద్దు."

చిన్నాయనకు పిల్లల్లేరు. తర్లుపాడు రోడ్డు మీద నాకు బండి నేర్పింది ఆయన. ఏ రంగులో ఏది ఎంత కలిపితే గిరాకీ నోరు మూసుకుంటాడో నేర్పింది ఆయన. రోజూ మధ్యాహ్నం నేను తినేది చిన్నమ్మ చేతి అన్నం. దుకాణం రెండైతే నాకు బాధ లేదు. ఆ గడప తొక్కకుండా ఉండేది మాత్రం నా వల్ల అయ్యేటట్లు లేదు. ఈ మాట ఇంట్లో అనలేక, చిన్నమ్మ పప్పు వదులుకోలేనని అందరికీ చెప్పుకున్నా. నవ్వినారు.

అన్నీ పంచినాక ఒక్కటి మిగిలింది. రంగుల కంపెనీవాళ్లు మా అమ్మకాల మీద ఇచ్చిన పాయింట్లు. ఖాతా నాయన పేరు మీద ఉంది. ఓటీపీ వచ్చేది చిన్నాయన ఫోనుకు. ఒకరు లేకుండా ఇంకొకరు ఒక్క పాయింటు కూడా వాడలేరు. ఉమ్మడి కుటుంబాన్ని కాపాడేదానికి పెద్దలు ఎన్నో చెప్పినారు గానీ ఓటీపీ అంత గట్టిది ఎవరూ కనిపెట్టలేదు.

ఇంతలో మా అవ్వ కలగజేసుకున్నది.

"ఆ పాయింట్లకు ఏమేమి వస్తాయి రా?"

"మిక్సీ వస్తుంది అవ్వా, బంగారు బిళ్ల వస్తుంది."

"మిక్సీ అయితే ఒకడి వంటింట్లో కూర్చుంటుంది. బిళ్ల అయితే ఒకడి పెండ్లాం మెడలో కూర్చుంటుంది. మళ్లీ తలకాయలు పగులుతాయి. పండుకోని లేస్తే అయిపోయేది ఏదన్నా ఉందా?"

నేను ఫోన్లో వెతికినా. "హోటల్ ఉంది అవ్వా. హైదరాబాదు కాడ, ఆటల పార్కు ఎదురుగా. ఒక రూము, ఒక రోజు."

"అది తీయి. ఇద్దరూ పోవాల, ఒకే రూములో ఉండాల. తిరిగొచ్చినాక కూడా గోడ కావాలంటే కట్టుకోండి. మొదటి ఇటుక నేనే పెడతా."

ఇద్దరూ తల ఊపినారు. ఒకర్ని ఒకరు చంపకుండా చూసేదానికి నన్ను కూడా పంపినారు. ఎట్ల చూడాలో ఎవరూ చెప్పలేదు.

శనివారం తెల్లారి బాడుగ కారులో బయల్దేరినాం. దోర్నాల దాటి ఘాట్ ఎక్కేవరకు ఇద్దరూ చెరొక కిటికీలోకి చూస్తా ఉన్నారు. ఒక మలుపులో నాయన తలకాయ చిన్నాయన భుజానికి తగిలింది.

"మీద పడొద్దు."

"నేను పడ్డానా? రోడ్డు తిరిగింది."

"నీ తప్పయితే ఎప్పుడూ రోడ్డే తిరుగుతుందిలే."

నాయన చేతిలో ఉన్న నీళ్ల సీసా విసిరినాడు. అది చిన్నాయనకు తగలకుండా డ్రైవరు చెవికి తగిలింది. బండి బండరాయి వైపు పోయి, చక్రం మట్టిలో గీరుకోని ఆగింది. డ్రైవరు చెవి పట్టుకోని మెల్లగా వెనక్కి తిరిగినాడు.

"దిగండి సామీ. ఈ అడవిలో పులులున్నాయి. పంచాయితీ వాటికి చెప్పుకోండి."

ఎవరూ దిగలేదు. శ్రీశైలం మలుపు దాటేవరకు కారులో ఊపిరి కూడా ఎవరూ గట్టిగా తీయలేదు. మా వాళ్లు పెద్దమనుషుల మాట వినరు గానీ పులికి మర్యాద ఇస్తారు.

హోటల్ కౌంటర్లో ఒకమ్మాయి కంప్యూటర్ చూసి మమ్మల్ని చూసింది. "సార్, మీ పాయింట్లకు ఇద్దరు పెద్దవాళ్లు, పన్నెండేళ్లలోపు ఒక బాబు. అంతే వస్తుంది."

"వీడే బాబు," అని నాయన, చిన్నాయన ఒకేసారి అన్నారు. కొన్ని నెలల్లో వాళ్లు ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి విషయం నా వయసు. నాకు మీసాలున్నాయి. ఆ అమ్మాయి మీసాల వైపు చూసి, నిట్టూర్చి, ఒక రంగులేసే బొమ్మల పుస్తకం, కొన్ని రంగు పెన్సిళ్లు నా చేతిలో పెట్టింది.

రూము బాగుంది. పెద్ద మంచం, ఒక సోఫా, కిటికీలోంచి ఎదురుగా జెయింట్ వీలు, దాని పక్కన మెలికలు తిరిగే పట్టాల మీద రైలు. అది పైనుంచి కిందికి పడ్డప్పుడల్లా జనం ప్రాణం పోయినట్లు కేకలు పెడతా ఉన్నారు. అందుకు టికెట్ కొనుక్కోని మరీ పోతారంట. మా ఇంట్లో ఉచితం.

నాయన చెప్పులు కూడా విప్పలేదు. జేబులోంచి బలపం తీసినాడు. గోడ నుంచి గోడకు, చెక్క రంగు నేల మీద గీత గీసినాడు. ఇటు మంచం, కిటికీ, టీవీ. అటు సోఫా.

"పెద్దోడిని, భాగాలు వేసినా. కోరుకో."

మంచం మీద తమ్ముడు ఎగబడతాడని, సోఫా తనకు మిగిలిస్తాడని, ఇంటికి పోయినాక అవ్వకు చెప్పుకోవచ్చని ఆయన లెక్క. చిన్నాయన రూమంతా ఒకసారి కలియజూసినాడు. నాయనకు షుగరు ఉంది. దారిలో మూడుచోట్ల కారు ఆపించినాడు. చిన్నాయన పోయి సోఫాలో కూర్చున్నాడు.

"నాకు ఈ పక్క చాలు అన్నా."

నాయన మంచం మీద కాళ్లు చాపి విజయం సాధించినవాడి మాదిరి నవ్వినాడు. ఆ నవ్వు ముఖం మీద ఉండంగానే బాత్‌రూమ్ తలుపు ఏ పక్క ఉందో ఆయనకు కనపడింది.

చాలాసేపు ఓర్చుకున్నాడు. ఒకసారి మంచం మీద, ఒకసారి కిటికీ కాడ. కాళ్లు ముడుచుకున్నాడు.

"కిందికి పోదాం నాయనా, కౌంటరు పక్కన ఉంది," అన్నా నేను.

"నా పాయింట్లకు వచ్చిన బాత్‌రూమ్ ఇక్కడ ఉండంగా ఊరోళ్లదానికి పోవాల్నా?" అని లేచి గీత దాటినాడు.

చిన్నాయన కాలు అడ్డం చాపినాడు. "అది నా భాగం."

"ఒక్కసారికి పోనీ రా."

"గోడ లేచినాక కూడా ఒక్కసారి అని వస్తావా? ఆ రోజు ఎట్ల వస్తావు? అప్పుడు వీడు నా ఇంటికి ఎట్ల వస్తాడు? చెప్పు!"

వీడు అంటే నేను. చేతిలో బొమ్మల పుస్తకం ఉంది. నాయన బల్ల మీదున్న టీ కాచుకునే కెటిల్ అందుకోని చిన్నాయన ముఖం మీద కొట్టినాడు. పాత కుట్ల కాడే కనుబొమ్మ మళ్లీ విచ్చుకున్నది. ఎవరి పని వాళ్లకు గుర్తుంటుంది. చిన్నాయన గుడ్డిగా లేచి, నాయన చొక్కా పట్టుకోని బీరువా తలుపుకేసి కొట్టినాడు. ఒకసారి, మళ్లీ, మళ్లీ. తలుపు లోపలున్న హ్యాంగర్లు గలగలమన్నాయి. నాయన ఆయన ముంజేతిని కరిచి పట్టుకున్నాడు. చిన్నాయన చెయ్యి లాక్కున్నాడు. నాయన పన్ను ఒకటి ఆ చేతి కండలోనే ఉండిపోయింది. నేను మధ్యలోకి దూరినా. ఎవరి మోచెయ్యో నా ముక్కు మీద పడి, నెత్తురు చిమ్మి, కళ్లముందు జెయింట్ వీలు తిరిగింది. కిటికీలోది కాదు, నా సొంతది.

బయట రైలు కిందికి పడింది. జనం కేక పెట్టినారు. మేమూ కేక పెట్టినాం. హోటల్లో ఒక్కరు కూడా తలుపు తట్టలేదు. పార్కు ఎదురుగా రూము తీసుకుంటే ఉండే సౌకర్యం అది.

నేను లేచేసరికి నాయన నేల మీద ఉన్నాడు. చిన్నాయన మోకాలు ఆయన గొంతు మీద ఉంది. కనుబొమ్మ నుంచి కారే నెత్తురు కింద అన్న ముఖం మీద బొట్లు బొట్లుగా పడతా ఉంది. నాయన ముఖం నల్లబడతా ఉంది, కాళ్లు నేలను తంతా ఉన్నాయి. చిన్నాయన కళ్లు నేను ఎప్పుడూ చూసిన కళ్లు కావు. నేను రెండు చేతులతో ఆయన జుట్టు పట్టి లాగినా. కదల్లేదు. "చిన్నాయనా, చచ్చిపోతాడు" అని అరిచినా. వినలేదు. ఆ ఒక్క నిమిషం గురించి నాకు ఇప్పటికీ జోకు దొరకలేదు.

ఆ మోకాలి కిందినుంచి నాయన గొంతు సన్నగా వచ్చింది.

"రేయ్, లేయి. పోసుకుంటా ఉన్నా."

చిన్నాయన ఎగిరి లేచినాడు. దయ అనుకోవద్దు. ఆ నేల ఆయన వాటా. "నా పక్క కాదు, నా పక్క కాదు!" అని అరుస్తా అన్నను చంకల కింద పట్టి లేపి, బాత్‌రూమ్ తలుపు కాలితో తన్ని లోపలికి తోసినాడు. నాయన కాళ్లు నిలబడలేదు. చిన్నాయన వెనకనుంచి నడుం పట్టుకోని ముఖం పక్కకు తిప్పుకోని నిలబడినాడు. ఇద్దరూ ఆయాసపడతా ఉన్నారు. ఎంతసేపటికీ ఆగలేదు. షుగరు గదా.

తర్వాత రూములు ఊడ్చే మనిషి తువ్వాళ్లు ఇచ్చేదానికి వచ్చినాడు. ముగ్గురి ముఖాలు చూసినాడు, ఏమీ అడగలేదు. నేల చూసి మాత్రం ఉలిక్కిపడినాడు.

"ఏంది సార్ ఈ గీత? ఫ్లోరింగ్ మీద ఇట్ల గీయకూడదు. మేనేజర్ నన్ను తిడతాడు."

నాయన ఒక చివర, చిన్నాయన ఒక చివర మోకాళ్ల మీద కూర్చోని తడి తువ్వాళ్లతో గీత తుడుచుకుంటా వచ్చి మధ్యలో కలిసినారు. దారిలో ఉన్న నెత్తురు కూడా తుడిచినారు. ఇంకెవరన్నా అయితే ఈ దృశ్యానికి ఏడుస్తారు. బలపం గీత తడిగుడ్డకు ఎంతలో పోతుంది.

మందుల డబ్బా కోసం కిందికి పోతే కౌంటరు అమ్మాయి భయపడింది. "ఏమైంది సార్?"

"పిల్లోడు పడినాడు," అన్నాడు నాయన, పన్ను లేని నోటితో.

"ఆడుకుంటా ఉండి," అన్నాడు చిన్నాయన, తువ్వాలు కంటికి అదుముకోని.

పార్కుకు పోలేదు. ఆ టికెట్లు పాయింట్లలో రావంట.

సోమవారం పొద్దున అవ్వ షెడ్డు ముందు ఇటుకల మీద కూర్చోని ఉంది. మేస్త్రీ టేపు తీసుకోని లోపలికి పోయి, గీత వెంబడి అటు ఇటు కొలిచి, నాయనతో, చిన్నాయనతో ఏదో మాట్లాడి బయటికి వచ్చినాడు. సైకిలెక్కి వెళ్లిపోయినాడు. గోడ లేవలేదు. ఇటుకలు వేరేవాళ్లకు పోయినాయి. అవ్వ తెలివిని ఊరంతా మెచ్చుకున్నది. పాయింట్లు కలిపినాయని కొందరు, నెత్తురు కలిపిందని కొందరు. ఒక మధ్యాహ్నం చిన్నమ్మ కాడ అన్నం తింటా, ఆ గీతను ఇద్దరూ కలిసి తుడిచిన సంగతి నేను కూడా గొప్పగా చెప్పినా.

చిన్నమ్మ కంచంలో చారు పోసింది.

"నీకు చెప్పలేదా? గోడ లేస్తే ఒక్కో పక్క మిగిలేది తొమ్మిది అడుగులంట. సరుకు దించే ట్రాలీ ఆటో లోపల తిరగాలంటే పదకొండు కావాలంట."