వాన ఏ కొలతలో?

కొలతల బాబాయ్‌కి ఒకటే జబ్బు. ఎవరు ఏ అంకె చెప్పినా "ఏ కొలతలో?" అని అడగకుండా ఉండలేడు. టీ ఇచ్చేవాడు "రెండు చెంచాల చక్కెర వేశానండీ" అంటే "ఏ చెంచాతో?" అంటాడు. "ఐదు నిమిషాల్లో రండి" అని భార్య ఫోన్ చేస్తే "నీ నిమిషాలా, గడియారం నిమిషాలా?" అని అడిగి చీవాట్లు తింటాడు.

ఆయన ఆఫీసులో వరదల్ని ముందే లెక్కగట్టే ప్రోగ్రామ్ తయారవుతోంది. వాన లెక్క ఒకరు రాస్తే, నది లెక్క ఇంకొకరు. వాన ఇచ్చే అంకెల్ని నదికి సరిపడే కొలతలోకి మార్చి అందించే మధ్య భాగం బాబాయ్‌ది. వాన రాసే కొత్తమ్మాయికి ఆయన్ని చూస్తేనే ఒళ్ళు మంట. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, పెద్దసారు ముందు ప్రదర్శన దగ్గరపడింది, ఈయనేమో పొద్దున్నే తయారు.

"వాన ఏ కొలతలో అమ్మా?"

"మిల్లీమీటర్లు బాబాయ్. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఎంతసేపటికి?"

విసుగెత్తిపోయింది. బాబాయ్ సెలవు పెట్టిన రోజు చూసి, మధ్య భాగాన్ని తప్పించి, వాన అంకెల్ని తిన్నగా నదిలో కలిపేసింది.

ప్రదర్శన రోజు తెరమీద వాన మొదలైంది. నది గట్టు దాటింది, ఊరు దాటింది, తాపీగా కొండెక్కి కూర్చుంది.

"కొండంత నీళ్ళేమిటి? ఎవరి తప్పిది?" అన్నారు పెద్దసారు.

గంటకింత అని కొత్తమ్మాయి ఇచ్చిన వానని నది సెకనుకింత అని పుచ్చుకుంది. సంగతి అప్పటికిగానీ ఆమెకి అర్థం కాలేదు. తన ఉద్యోగం కూడా ఆ నీళ్ళలోనే కొట్టుకుపోతున్నట్టు అనిపించింది.

బాబాయ్ లేచాడు. "కొండంత నీళ్ళంటే ఏ కొలతలో సార్?"

హాలంతా నవ్వింది. పెద్దసారూ నవ్వేశారు. బాబాయ్ నది రాసినాయన వైపు తిరిగాడు.

"నీ నది ఏ కొలతలో తాగుతుందయ్యా?"

"సెకనుకి బాబాయ్."

"నీ వానో అమ్మా?" రోజూ అడిగినట్టే అడిగాడు.

"గంటకి బాబాయ్." జవాబు దానంతటదే వచ్చేసింది.

"అంతే సార్, మార్చేస్తే సరి."

కొలత మార్చగానే నది బుద్ధిగా గట్ల మధ్యకి దిగింది. తప్పెవరిదని పెద్దసారు మళ్ళీ అడగలేదు.

సాయంత్రం టీ దగ్గర కొత్తమ్మాయి మెల్లగా అంది. "మిమ్మల్ని తప్పించి కలిపానని తెలిసీ పెద్దసారుకి చెప్పలేదేం?"

"తప్పు చేసినవాళ్ళనే 'ఏ కొలతలో' అని అడిగితే నలుగురిలో నిలబెట్టినట్టుంటుందమ్మా. రోజూ అందర్నీ అడిగితే ముసలాడి చాదస్తం అనుకుంటారు. ఎవరికీ తగలదు."

ఆమెకి ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. "ఎప్పట్నుంచి బాబాయ్ ఇదంతా?"

"చాలాకాలమైందిలే."

"ఏ కొలతలో?"

బాబాయ్ టీ గ్లాసు దించి ఆమెకేసి చూశాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన్ని ఆ మాట తిరిగి అడిగినవాళ్ళు లేరు. మురిసిపోయి, తన టీ కూడా ఆమెకే ఇచ్చేశాడు.