అమావాస్య మర్నాడు లేవని పెట్టె

నీలావతి గురించి ఎవరడిగినా నేను ముందు గంగాధరను తిట్టి, ఆ తర్వాతే ఆమె సంగతి మొదలుపెడతాను. అది తప్పో ఒప్పో నాకు తెలియదు గానీ, అట్లా తిట్టకపోతే నాకు కథ ముందుకు సాగదు.

ఆమెదీ నాదీ పెనుకొండే. రెండువేల ఐదు ప్రాంతాల్లో ఇద్దరం రోజూ పొద్దున ఒకే బస్సులో హిందూపురం పోయేవాళ్లం. నేను అక్కడొక ప్రైవేటు బడిలో గుమాస్తాను. ఆమె ఊరి చివర గంగాధర నడిపే రేకుల షెడ్డులో పనిచేసేది. ఒళ్లో టిఫిన్ డబ్బాతో పాటు ఎప్పుడూ ఒక పచ్చటి ఎలక్ట్రానిక్ బోర్డు పెట్టుకుని కూర్చునేది. ఒకసారి కండక్టరు, "ఏం పాపా, రేడియో రిపేరా?" అని ఎగతాళి చేశాడు.

"రేడియో కాదన్నా, మగ్గానికి మెదడు," అంది. కండక్టరు నవ్వాడు. ఈమె మాత్రం నవ్వలేదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివిన పిల్ల, తన పని విషయంలో పరాచికాలు పడేవి కావు.

ఆ మెదడు సంగతి చెప్పాలి. ధర్మవరం పట్టుచీర కొంగులో నెమలి రావాలంటే మగ్గం మీద జకార్డు అనే అమరిక ఉండాలి. దానికి రంధ్రాలు కొట్టిన అట్టలు దండగా కుట్టి వేలాడదీస్తారు. నేతగాడు కాలితో తొక్కినప్పుడల్లా ఒక అట్ట తిరుగుతుంది, దాని రంధ్రాలను బట్టి పోగులు లేస్తాయి. డిజైను మారిస్తే అట్టలన్నీ కొత్తగా కొట్టించుకోవాల్సిందే. ఆ అట్టల బదులు గంగాధర ఒక పెట్టె కనిపెట్టాడు. డిజైనంతా పెట్టెలోనే ఉంటుంది. లోపలి బోర్డు నీలావతి తన చేత్తో చేసేది. స్విచ్చి వేయగానే ఆ బోర్డును నిద్రలేపి పనిలో పెట్టే ప్రోగ్రాము గంగాధర రాసింది.

గంగాధర పాలిటెక్నిక్‌లో ఆమెకు సీనియరు. 'అన్నా' అని పిలిచేది, నిజంగానే అన్న అనుకుంది. బెంగళూరులో ఉద్యోగం వస్తే, "గంగాధరన్న ఒక్కడే ఎట్ల చేసుకుంటాడక్కా," అని వదులుకుంది. వినేదానికే నాకు ఒళ్లు మండింది. మొహం మీదే పిచ్చిదానా అన్నాను.

ధర్మవరంలో పెట్టెలు పెట్టించే పని ఆమె మీదే పడింది. వీధి వీధి తిరిగినా మొదట ఒక్కరూ ముందుకు రాలేదు. చివరికి అంజనప్ప అనే పెద్దాయన ఒప్పుకున్నాడు. "ఆ గంగాధర ఎవురో నాకు తెల్దు పాపా. నువ్వు చెప్తాండావు, పెట్టుకుంటా," అన్నాడట. ఆ రోజు బస్సులో ఆమె సంతోషం చూడాలి! అంజనప్ప పెట్టించుకున్నాడని ఆ వీధిలో మిగతావాళ్లూ పెట్టించుకున్నారు.

కొన్నాళ్లు బాగానే నడిచాయి. ఆ వీధి నేతగాళ్లు అమావాస్య రోజు నేత పని చేయరు. మిగతా రోజుల్లో పెట్టెను ఆర్పరు కూడా. కరెంటు పోయినా వెనకున్న బ్యాటరీ దాన్ని నిలబెడుతుంది. అమావాస్య రోజు మాత్రం పెట్టె ఆర్పి, మగ్గం తుడిచి, పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తారు. పెట్టె వచ్చాక మొదటి అమావాస్య మర్నాడు అంజనప్ప స్విచ్చి వేస్తే పెట్టె లేవలేదు. తెర వెలిగింది, ఏవో నాలుగు వరసలు వచ్చాయి, అంతే, అక్కడే నిలబడిపోయింది. మగ్గం మీద ముదిగుబ్బ ఊరివాళ్లు చెప్పిన పెళ్లిచీరల్లో మొదటిది సగానికి వచ్చి ఉంది. ఆ డిజైనుకు అట్టలు లేవు. ఉన్నదల్లా ఆ పెట్టెలోనే.

నీలావతి పెట్టెను హిందూపురం తెచ్చింది. గంగాధర తన కంప్యూటరుకు తగిలించి చూసి ఇచ్చాడు. ఇక్కడ చక్కగా లేచింది. "మన దగ్గర లేస్తాది, ఆడ లేయదంటే ధర్మవరం కరెంటుదే తప్పు," అన్నాడు. ఆమె నమ్మింది. తీసుకుపోయి పెడితే అక్కడా లేచింది. మళ్లీ అమావాస్య వచ్చింది, మర్నాడు మళ్లీ అదే పాట. ఈసారి పక్కిళ్లలో పెట్టెలు కూడా లేవలేదు. వీధిలో వాటికి 'అమావాస్య పెట్టెలు' అని పేరు పెట్టేశారు.

ఆగిన పెట్టెలన్నీ మళ్లీ హిందూపురం తెచ్చి, గంగాధర కంప్యూటరుకు తగిలించి లేపాక తీసుకుపోయింది. ఆమె చేయని ప్రయత్నం లేదు. అడాప్టర్లు మార్చింది, వైర్లు మార్చింది, మెమరీ మార్చింది. ఒకరోజు పెట్టె విప్పితే గాలికోసం పెట్టిన సందుల్లోంచి లోపలికి దిగిన కుంకుమ కనిపించింది. మగ్గంతో పాటు పెట్టెకూ పూజ చేస్తున్నారన్నమాట. షెడ్డుకు వచ్చి చెబితే గంగాధర, "అదే అయ్యుంటాది, పోయి గట్టిగా చెప్పు," అన్నాడు.

పోయి గట్టిగానే చెప్పింది. వీధిలో నిలబడి అందరినీ కేకలేసింది. అంజనప్ప రెండు చేతులూ జోడించాడట. "తప్పాయ పాపా. పెట్టె గూడా మగ్గమే గదా అని పెడ్తిమి. ఇంగ పెట్టం." మాది క్రైస్తవుల ఇల్లు, కుంకుమ మాకు లేదు. అయినా కొత్త బండి కొంటే పాస్టరును పిలిచి ప్రార్థన చేయించుకుంటాం. అంత పెద్దాయన నీకు చేతులు జోడించేట్టు చేశావే అని ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు నేను.

మరుసటి అమావాస్యకు పెట్టెకు ఎవరూ కుంకుమ పెట్టలేదు. మర్నాడు పెట్టె లేవలేదు.

అప్పుడు ఆమె లాప్‌టాప్ పట్టుకుని ధర్మవరం పోయి అంజనప్ప మగ్గం పక్కనే కూర్చుంది. పెట్టెకు కేబుల్ తగిలించి, అది నిద్రలేచేటప్పుడు ఏమేం చేస్తుందో వరస వరసా చదివింది. ఎన్నిసార్లు ఆర్పి వేసినా ఒకే చోట ఆగుతోంది. మెమరీ దొరికింది అంటుంది, గడియారం చూస్తుంది, నోరు మూసుకుంటుంది. కరెంటు తప్పయితే ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ ఆగాలి. ఇది ఆగే చోటు మారడం లేదు. ఇక మార్చడానికి మిగిలింది తారీకు గుర్తుపెట్టుకునే బిళ్ల బ్యాటరీ ఒక్కటే. దాన్ని పీకి మళ్లీ పెట్టింది. పెట్టె టక్కున లేచింది.

అంజనప్ప ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఆమె మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదట. బ్యాటరీ పీకడంతో పెట్టె తారీకు వెనక్కి పోయింది. వెయ్యిన్ని తొమ్మిదివందల డెబ్బై జనవరి అని చూపిస్తోంది. ఆమె ఆ రోజు తారీకు పెట్టి ఆర్పి వేసింది. లేవలేదు. రెండు నెలల వెనక తారీకు పెట్టింది. లేచింది. పెట్టెకు జబ్బేమీ లేదు. ఒక గడువు దాటితే లేవొద్దని ఎవరో దానికి చెప్పిపెట్టారు. లేచేటప్పుడే చూసుకుంటుంది గనుక, ఆర్పనంతకాలం పని చేస్తుంది. ఆ వీధిలో ఆర్పేది అమావాస్యకే. గంగాధర కంప్యూటరుకు తగిలిస్తే గడువు మళ్లీ మొదటికొస్తుంది.

మర్నాడు బస్సులో, "ఎస్తేరక్కా, ఈ పొద్దు నాతో షెడ్డు దాకా రా," అంది. బడికి ఆలస్యమైనా పోయాను.

గంగాధర టీ తాగుతున్నాడు. ఆమె నిలబడే అడిగింది. "పెట్టెకు తాళం పెట్టినావా అన్నా?"

"ఎవురు చెప్పినారు?"

"పెట్టినావా, లేదా?"

అతను గ్లాసు కింద పెట్టాడు. "పెట్టినా. బోర్డు నీ చేతిలో ఉండాది, ధర్మవరం నీ చేతిలో ఉండాది. రేప్పొద్దున నా ప్రోగ్రాము కాపీ గొట్టుకోని నువ్వే ఆడ షాపు పెట్టుకుంటే నేనేం చేయల్ల?"

"అంటే నా మీదనా పెట్టింది?"

అతను మళ్లీ గ్లాసు అందుకున్నాడు.

"కుంకుమ మాట చెప్తే అదే అయ్యుంటాది అంటివి గదన్నా. పోయి గట్టిగా చెప్పు అంటివి."

"ఇంగేం చెప్పమంటావు? తాళం పెట్టినానని చెప్పల్లనా? సర్లే, తాళం తీసేది నీకు నేర్పిస్తా. వాళ్లకు మాత్రం చెప్పద్దు."

నాకు ఆ గ్లాసులో టీ వాడి మొహాన కొట్టాలనిపించింది. ఆమె బల్ల మీది తన టంకం కడ్డీకి తీగ చుట్టి సంచిలో వేసుకుని బయటికి వచ్చింది. రోడ్డు మీదికి వచ్చాక, "నన్ను దొంగ అనుకున్యాడక్కా, ఇన్ని దినాలూ," అని అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది. తోడబుట్టినవాడు మోసం చేసినా అంత కుంగిపోయేది కాదేమో.

వీధికి నిజం చెప్పకుండా ఊరుకోవచ్చు. తాళం తీసే విద్య నేర్చుకుని, రోగం కుదిరిందని చెప్పుకోవచ్చు. ఆమె అట్లా చేయలేదు. అదే రోజు ధర్మవరం పోయి ఇంటింటా పెట్టె విప్పింది. గడియారం ఎప్పటికీ డెబ్బైలోనే ఉండేట్టు బిళ్ల బ్యాటరీలు పీకేసింది. ప్రతి ఇంట్లోనూ తాళం సంగతి చెప్పి, కుంకుమది తప్పు కాదని చెప్పింది. అంజనప్ప ఇంటికి చివర పోయింది. ఆమె చెప్పిందంతా విని ఆయన అడిగాడట.

"నీకు తెల్దా పాపా?"

"తెల్దు చిన్నాయనా. నిజంగా తెల్దు."

"పెట్టె చేసింది నువ్వు. మా ఇంటికి తెచ్చింది నువ్వు. చెడిపోతే తీసకపోయింది నువ్వు, లేపకచ్చింది నువ్వు. కుంకుమ పెట్టినారని తిట్టింది నువ్వు. నీకు తెల్దనేది నేనెట్ల నమ్మల్ల?"

కోపంగా అడగలేదట. కోపంగా అడిగి ఉంటే బాగుండేదక్కా అంది నాతో.

పెళ్లిచీరల్లో ఆఖరుది మగ్గం మీంచి దిగింది. ముదిగుబ్బ వాళ్లు వచ్చి తీసుకుపోయారు. నీలావతి మళ్లీ ఆ షెడ్డు గడప తొక్కలేదు, హిందూపురంలోనే ఒక టీవీ రిపేరు కొట్లో చేరింది. ఆ తర్వాత ఒక సాయంత్రం మేము పెనుకొండలో బస్సు దిగుతుంటే, ధర్మవరం బస్సు కండక్టరు నీలావతిని పేరు పెట్టి పిలిచి ఒక మూట చేతికిచ్చాడు. పాత పంచెలో చుట్టిన అంజనప్ప పెట్టె. ఏమన్నా చెప్పమన్నాడా అని నేనే అడిగాను. ఇమ్మన్నాడు, అంతే అన్నాడు కండక్టరు.

ఇంటికి తీసుకుపోయి కరెంటుకు తగిలించి చూసిందట. మర్నాడు బస్సులో నా పక్కన కూర్చుని, "బాగానే లేచ్చాండాదక్కా," అని చెప్పింది. హిందూపురం వచ్చేదాకా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే ఉంది.