వేలు పట్టేంత సందు

నా చిన్నప్పుడు తార్నాకలో చలి ఇప్పటిలా మొక్కుబడిగా వచ్చిపోయేది కాదు. యూనివర్సిటీ చెట్ల మీదుగా దిగి, మా ఇంటి వెనక పెరట్లో పొద్దెక్కేదాకా కదలకుండా కూర్చునేది. ఆ పెరట్లోనే, జామచెట్టు పక్కన నాలుగు రాళ్ల మీద, మా తాతయ్య తేనెపెట్టె ఉండేది.

మా తాతయ్య యూనివర్సిటీలో వడ్రంగి. క్లాసు గదులకు బెంచీలు, ల్యాబులకు స్టూళ్లు చేసి చేసి రిటైరయ్యాడు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. క్యాంపస్‌లో ఒక పాత షెడ్డు గోడలో పట్టిన తేనెటీగలను ఎవరో పొగబెట్టి చంపబోతుంటే అడ్డుపడి ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటినుంచి ఆయనకు అదే లోకం. ఆ ఏడు గాలివానకు పడిపోయిన వేపచెట్టు మొద్దును అడిగి తెచ్చుకుని, పలకలు కోయించి, నెలల తరబడి ఆరబెట్టి, వాటికి కొత్త పెట్టె చేశాడు. ఒక్క మేకు కొట్టలేదు. చెక్కలో చెక్క దూర్చి బిగించిందే. చినుకు కూడా దూరదని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

చలికాలంలో ఆయన పెట్టె మూత తీసేవాడు కాదు. లోపలి వెచ్చదనం పోతే పిల్ల ఈగలు బతకవట. పలకకు చెవి ఆనించి వినేవాడు. సన్నగా రొద వినిపిస్తే తృప్తిగా లేచేవాడు. పెట్టె చుట్టూ గోనెపట్టా చుట్టి, ఈగలు వచ్చిపోయే గడపకు ఒక చెక్కముక్క అడ్డం పెట్టి, కొంచెం సందు మాత్రం వదిలేవాడు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. సీతాఫల్‌మండిలో వాళ్ల అక్క చనిపోతే దినాలకు వెళ్తూ తాతయ్య పెట్టెను నాకప్పగించాడు. "పొద్దుగాల పళ్లెంల చక్కెర నీళ్లు పెట్టు బిడ్డా. గంతే. ఇంకేం ముట్టకు" అన్నాడు. ముట్టకు అంటే ముట్టకుండా ఉండే పిల్లనైతే ఈ కథే లేదు.

ఆ సాయంత్రం చలిగాలి లేచింది. గడప దగ్గర సందు చూస్తే నాకు దిగులేసింది. మనమైతే తలుపు మూసుకుని దుప్పటి కప్పుకుంటాం, పాపం వీటికి ఎవరున్నారు అనుకున్నాను. నాకు పొట్టిదైపోయిన ఊలు స్వెటర్ తెచ్చి ఆ సందులో గట్టిగా కుక్కాను. తాతయ్యలాగే చెవి పెట్టి విన్నాను. రొద ఎప్పటికన్నా పెద్దగా ఉంది. వెచ్చగా ఉండి సంతోషంగా పాడుతున్నాయనుకున్నాను. అది ఊపిరాడక పెట్టిన గోల అని తర్వాతే తెలిసింది.

మర్నాడు చక్కెర నీళ్లను చీమలు తప్ప ఎవరూ ముట్టలేదు. నిద్రపోతున్నాయేమో అనుకున్నాను. మూడోరోజు తాతయ్య వీధి మలుపు తిరగడం చూసి, గబగబా స్వెటర్ లాగి ఉతికే బట్టల్లో పడేశాను.

తాతయ్య కాళ్లు కడుక్కుని నేరుగా పెరట్లోకి వెళ్లాడు. చెవి పెట్టాడు. ఇటువైపు విని, అటువైపు వెళ్లి విన్నాడు. అప్పుడు మూత తీశాడు. ఈగలన్నీ అడుగున తడిసిన టీపొడిలా కుప్పపడి ఉన్నాయి. పలకల లోపలివైపు చెమ్మ పట్టి ఉంది. ఆ చెమ్మను వేలితో తాకి చూశాడు.

"చెక్క ఆరలే. తొందరపడ్డ" అన్నాడు.

పచ్చి చెక్కలోని నీరే వాటిని చంపిందని ఆయన నమ్మాడు. నాయనమ్మ ఏదో సర్దిచెప్పబోతే, "నలభై ఏండ్లు చెక్కతోని బతికిన. పచ్చిదో ఎండిందో తెల్వకపాయె. ఇంక ఈ చేతులు పనికిరావు" అన్నాడు. ఉలి, రంపం, సుత్తి అన్నీ సంచిలో కట్టి మంచం కిందికి తోశాడు. పక్కింటి అక్క స్టూలు కాలు విరిగిందని వస్తే, వేరేవాళ్లను చూసుకొమ్మన్నాడు. పగలంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు.

నేను అబద్ధమాడలేదు. నన్నెవరూ అడగలేదు కూడా. అన్నం తింటూ, బడికి వెళ్తూ, ఆయన వీపు చూస్తూ ఊరుకున్నాను.

తాతయ్య వచ్చిన నాలుగోరోజు బట్టలు ఉతుకుతూ నాయనమ్మ నన్ను పిలిచింది. స్వెటర్ ఊలులో చిక్కుకున్న చచ్చిన ఈగను తీసి నా అరచేతిలో పెట్టింది.

"నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అంది.

మంచం దగ్గరికి వెళ్లి, అరచెయ్యి చాపి అంతా చెప్పాను. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. ఎంతకీ పడలేదు. కళ్లు తెరిస్తే తాతయ్య తన చేతులను తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"అయితే చెక్క పచ్చిది కాదన్నట్టు" అన్నాడు. ఆయన కన్నీళ్లు పెట్టుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత నాచేతే సంచి బయటికి లాగించాడు. చిన్న వేపముక్క తీసుకుని, దాని మీద నా చూపుడు వేలు ఆనించి గీత గీసి, ఉలి నా చేతికిచ్చాడు. "నీ వేలు పట్టేంత సందు తియ్యి. వాటికి వెచ్చదనం ఎంత కావాల్నో, గాలి గంతే కావాలె." నేను తంటాలు పడుతుంటే ఉలి పట్టు సరిచేసి, మెల్లగా అన్నాడు. "గడప మూసింది తెల్వక చేసినవ్ బిడ్డా. దానికి నిన్నేమన. నేను నా చేతుల్ని తిట్టుకుంటుంటే చూస్కుంట ఊకున్నవ్ సూడు, అది తెల్సి చేసినవ్."

ఆ చలికాలమంతా పెట్టె ఖాళీగానే ఉంది.

ఆ చెక్కముక్క ఇప్పటికీ నా దగ్గరుంది. కీళ్లు వాచిన నా వేలు ఇప్పుడు ఆ సందులో పట్టదు. ఇంట్లో ఏది పాడైనా, ఎవరైనా తన వల్లేనని తల పట్టుకుంటే, అందులో నా చెయ్యి ఉందేమోనని ముందు వెతుక్కుంటాను. ఉంటే అప్పటికప్పుడు చెప్పేస్తాను. ఈ ముసలామెకు నోరాగదని మా కోడలు విసుక్కుంటుంది. విసుక్కోనీ. నా నోరు ఆగిన ఆ ఒక్కసారి మా తాతయ్య నాలుగు రోజులు తన చేతులను తానే నమ్మకుండా బతికాడు.