రేకుల షెడ్ల వెనక మురికినీళ్ళు

సునామీ తర్వాత కొన్నాళ్ళు నేను మా దీవిలో డైరీ ఫార్మ్‌లో బస్సెక్కి సముద్రం ఒడ్డునున్న వండూర్ వైపు వెళ్ళి పాఠాలు చెప్పేదాన్ని. ఇళ్ళు పోయిన మన తెలుగువాళ్ళకి అక్కడ రేకుల షెడ్లు వేశారు. చివరి షెడ్డే బడి.

షెడ్ల వెనక స్నానాల నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు మడుగు కట్టి, మెల్లగా తాగేనీళ్ళ నూతి వైపు జారేవి. పిల్లలకి ఒకటే విరేచనాలు. పుస్తకంలో నీటి కాలుష్యం పాఠం ఉంది గానీ, బొమ్మలో ఉన్నది ఫ్యాక్టరీ గొట్టం. పుస్తకం మూసేసి పిల్లల్ని ఆ మడుగు దగ్గరికే తీసుకెళ్ళాను.

వాళ్ళలో ఒక పాప ఉండేది. సునామీ వచ్చిన రోజు డోంగీ పడవ విప్పుకురావడానికి వెళ్ళిన వాళ్ళ తాత మళ్ళీ రాలేదు. అప్పట్నించీ ఆ పిల్ల బడిలో నోరు విప్పలేదు. చెంబుతో నీళ్ళు పోస్తే కెవ్వుమంటుందని, వాళ్ళ మామ్మ తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి పంపేది.

ప్లాస్టిక్ సీసా అడుగు కోసి, తలకిందులుగా పట్టుకుని, గుడ్డ, బొగ్గు, ఇసుక, గులకరాళ్ళు వరసగా నింపాం. పైనుంచి మురికినీళ్ళు పోస్తే కింద తేటనీళ్ళు బొట్లు బొట్లుగా రాలాయి. "సాఫ్ హో గయా!" అని పిల్లలంతా అక్కడి హిందీలో అరుస్తూ గెంతారు. ఒకడు తాగబోతే చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు నాన్నా. తేటగా ఉన్నంత మాత్రాన మంచినీళ్ళు కావు. కంటికి కనపడని రోగం అందులో ఇంకా ఉంటుంది. కాచి తాగాలి."

"ఆ రోజు సముద్రం కూడా తేటగానే ఉంది టీచర్."

అన్నది ఆ పాప. అందరం అటు తిరిగాం.

"నీళ్ళు ఎనక్కెలిపోతే అడుగున రాళ్ళన్నీ కనబడ్డాయి. తాత నవ్వుతా దిగాడు."

పక్కన కూర్చుని దగ్గరికి తీసుకున్నాను. సీసా వైపు చూపిస్తూ తనే అడిగింది: "ఇలాగ పోస్తే మా నూతిలో సముద్రం కలిపిన ఉప్పు కూడా పోద్దా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "పోదమ్మా. ఇసుక ఉప్పుని పట్టుకోలేదు. వానలు కడగాలి."

"మరి ఈ గందా పానీ?" అంటూ మురికి మడుగు చూపించింది.

"దీన్ని మనం ఆపొచ్చు."

మర్నాడు నూతికి దూరంగా, మురికినీళ్ళు ఇంకడానికి గొయ్యి తవ్వడం మొదలుపెట్టాం. తల్లులు ఊరుకోలేదు. "చదువు చెప్పమంటే మా పిల్లల చేత మురికి ఎత్తిస్తావేటి టీచరమ్మా?" అని ఒకావిడ గట్టిగానే అడిగింది. నేను జవాబు చెప్పేలోగా పాప వాళ్ళ మామ్మ పార పట్టుకొచ్చి, "మన మురికే గదే. నేనెత్తుతాను, జరుగు" అంది. ఆ తర్వాత ఒకరొకరే కలిశారు. ఇటుకముక్కలు, కంకర, ఇసుక పరిచి, మడుగుకి అటువైపు దారి తీసి, చుట్టూ అరటిపిలకలు నాటాం. మొదటి చెంబుడు మురికినీళ్ళు ఎవరు పోస్తారంటే ఆ పాప ముందుకొచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుని పోసింది. పాదాల మీద చిందాయి. కెవ్వుమనలేదు.

రోగాలు ఒక్కసారిగా పోలేదు గానీ, తర్వాతి వానాకాలానికి తరగతి నిండుగా కనిపించేది. పాప మాట్లాడింది. మాట్లాడుతూనే ఉండేది, పాఠం మధ్యలో ఆపమని బతిమాలాల్సి వచ్చేది.

కొన్నేళ్ళకి పక్కా ఇళ్ళు వచ్చాయి. తాళాలిచ్చే రోజు నన్నూ పిలిచారు. ఇళ్ళు కట్టిన కాంట్రాక్టరు, మన కాకినాడ వైపు మనిషే, గోడలు తట్టి చూపిస్తున్నాడు. అప్పటికి నా భుజం దాకా ఎదిగిన ఆ పిల్ల ఇంటి చుట్టూ తిరిగొచ్చి, "స్నానాల నీళ్ళు ఎటు పోతాయి భయ్యా?" అని అడిగింది.

ఆయన నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు. ఆయన వెనక్కెళ్ళి, నీళ్ళకి దారే లేకపోవడం చూసి, తల గోక్కుని, మేస్త్రీని కేకేశాడు.

"రా టీచర్, ఎక్కడ తవ్వాలో చూద్దాం" అంటూ ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళింది.