దిగు తమ్మీ, స్టాపొచ్చింది

నిన్న పొద్దున పాల ప్యాకెట్ తీసుకుని ఇంటికొస్తుంటే ఫోన్ మోగింది.

యాదన్న వాళ్ల చిన్నమ్మాయి స్వప్న. "కాకా, బాపు లేస్తలేడు" అంది.

"మొహం మీద నీళ్లు కొట్టు బిడ్డా, లేస్తడు" అన్నాను. ఆర్మీ ట్రైనింగ్‌లో ఆయన్ని లేపాలంటే మాకు అదొక్కటే దారి.

అవతల ఏడుపు వినపడింది. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు.

ఆ పాల ప్యాకెట్ ఎక్కడ పెట్టానో ఇప్పటికీ తెలీదు.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెబుతున్నా. ఆయనది ఉప్పల్, నాది నాచారం. ఇద్దరం కలిసి ఫౌజ్‌లో చేరాం, కలిసి విమానాల్లోంచి దూకాం. రిటైరయ్యాక ప్రతి ఆదివారం నాచారంలో చాయ్ తాగుతూ ఆ దూకిన కథలే మళ్లీ మళ్లీ చెప్పుకున్నాం. ఇంట్లోవాళ్లు వినడం ఎప్పుడో మానేశారు మరి.

నిజానికి మాకు దూకడం నేర్పింది ఉప్పల్ బస్సులు.

ఆ రోజుల్లో బస్సు ఆగాక దిగితే పరువు తక్కువ. ఫుట్‌బోర్డ్ మీంచి దూకి, ఆ ఊపులోనే కొంచెం దూరం ఉరికి ఆగేవాళ్లం. స్టైల్ అన్నమాట.

ఆగ్రా ట్రైనింగ్‌లో ఆ స్టైలే మా కొంప ముంచింది.

పారాచూట్‌తో నేల మీదికి వచ్చేటప్పుడు రెండు కాళ్లూ దగ్గరగా పెట్టి పక్కకు దొర్లాలి. ఉరికితే కాళ్లు విరుగుతాయి. మేమేమో ప్రాక్టీస్‌లో దిగీ దిగగానే ఉరికేవాళ్లం. ట్రైనర్‌కి పిచ్చెక్కిపోయింది. ఎక్కడి నుంచి వచ్చార్రా మీరు అని అడిగితే, యాదన్న మా బస్సుల సంగతంతా బుద్ధిగా హిందీలో వివరించాడు.

చీకటి పడేదాకా గ్రౌండ్ చుట్టూ ఉరికించారు. అంత ఇష్టమైతే ఉరకండని.

ఇక మొదటి జంప్.

దూకే ముందు ఒక పద్ధతి ఉంటుంది. లైన్‌లో ముందున్నవాడి వీపు మీద పారాచూట్ సరిగ్గా ఉందా, తాడు ఎక్కడైనా చిక్కుకుందా అని వెనకవాడు చూడాలి. చూసి వీపు మీద గట్టిగా చరచాలి. అంటే అంతా ఓకే అని. అందరికంటే చివరివాణ్ని మాత్రం ట్రైనరే చూస్తాడు.

చివర్న యాదన్న. ఆయన ముందు నేను.

డోర్ దగ్గరికి రాగానే నా కాళ్లు కదల్లేదు. కింద పొలాలు రుమాళ్లంత ఉన్నాయి. దూకకపోతే కోర్స్ నుంచి వాపస్ పంపించేస్తారు. నాచారంలో మా నాయన అప్పటికే, నా కొడుకు విమానంలోంచి దూకుతున్నాడని కనపడినవాడికల్లా చెప్పుకున్నాడు. ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోవాలి?

ఆ విమానం మోతలో వెనక నుంచి నా వీపు మీద ఒక్క దెబ్బ పడింది. చెవి దగ్గర తెలుగులో ఒక మాట.

"దిగు తమ్మీ, స్టాపొచ్చింది."

నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే దూకేశాను.

నేను ట్రైనర్ చెప్పినట్టే పక్కకు దొర్లాను. యాదన్న మాత్రం అలవాటు పోక ఉరికాడు. గాలికి పారాచూట్ ఆయన్ని ఆవాల చేనంతా ఈడ్చుకెళ్లింది. మా ఆదివారం చాయ్‌లలో ఆ ఆవాల చేను మెల్లగా చెరకు తోట అయింది. తర్వాత అందులోకి ఒక బర్రె వచ్చింది. పోయిన నెల ఆ బర్రెకు దూడ కూడా పుట్టింది. నేను పక్కనే ఉన్నాను కదన్నా అంటే, "నువ్వు కండ్లు మూసుకున్నవ్ తమ్మీ" అనేవాడు.

ఆ వీపు మీద దెబ్బ అక్కడితో ఆగలేదు.

నా పెళ్లిలో పీటల వెనకే నిలబడి, కండువా లాగి చూసి, వీపు మీద ఒకటి చరిచి అదే మాట. పంతులు మంత్రం మర్చిపోయాడు.

పోయినేడు నాకు గుండె ఆపరేషన్. మస్తు భయపడ్డాను. లోపలికి తీసుకెళ్లే ముందు యాదన్న వచ్చి, వీపు వైపు దవాఖానా గౌన్ ముడులన్నీ ఒక్కొక్కటిగా పట్టి చూశాడు. "అంతా ఓకే, ఇదొక్కటే జర లూజున్నది" అని నర్సుకి చెప్పాడు. నేను నవ్వుతూనే లోపలికి పోయాను.

ఒకసారైనా నన్ను నీ వెనక నిలబడనీ అన్నా, నీది నేను చెక్ చేస్తా అని ఎన్నిసార్లు అడిగానో. ఆగ్రాలో అడిగాను, నాచారంలో అడిగాను. ఒప్పుకోలేదు.

"నువ్వు వెనక ఉంటే అసలు దూకుతవన్న గ్యారంటీ ఏంది?" అనేవాడు.

నిన్న సాయంత్రం నాకా చాన్స్ వచ్చింది. అడగని రోజున.

తల మీద మా పారాచూట్ దళం మెరూన్ టోపీ పక్కకు జరిగి ఉంటే సర్దాను. పాడె తాళ్లు అన్నీ లాగి చూశాను. ఈయనేం చేస్తున్నాడా అని జనం చూశారు. చూడనీ. కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టారు. ట్రైనర్ ఎంత మొత్తుకున్నా దగ్గరికి రాని ఆ కాళ్లు మొదటిసారి పద్ధతిగా ఉన్నాయి. ఏడుస్తూనే నవ్వాను.

భుజం మీద గట్టిగానే కొట్టాను.

"అంతా ఓకే అన్నా. దిగు, స్టాపొచ్చింది."

స్వప్న ఒక్కతే నవ్వింది. ఆ మాట వాళ్లింట్లో అందరికీ తెలుసు.

ఈ ఆదివారం చాయ్‌కి వస్తాను. బర్రె కథ నేనే చెబుతాను, దూడతో సహా.

మెత్తటి నేల దొరకాలి అన్నా నీకు. గాలి నెమ్మదిగా ఉండాలి. హాయిగా పడుకో, ఇక ఎవరూ నీళ్లు కొట్టరు.

మళ్లీ ఉరకకు.